ఫిరంగి తాత పటం కోసం జాబ్రియా దాకా

కువైట్ వెళ్తున్నానని చెప్పగానే మా స్కూలు స్టాఫ్‌రూములో అందరూ ఒకటే అడిగారు, బంగారం ఎంత తెస్తావని. నేను రాయచోటిలో సోషల్ టీచర్ని. మా ఆయన అక్కడి ఫహాహీల్‌లో చమురు కంపెనీల పనులు చేసే ఒక కాంట్రాక్టరు దగ్గర సూపర్‌వైజరు. ఈసారి దసరా సెలవులకు నాకు విజిట్ వీసా దొరికింది. అంతవరకు మా జిల్లాలో ఇంటింటా ఉండే సంగతే. అయితే నేను విమానం ఎక్కింది మా ఆయన్ను చూడటానికి కాదు, ఆ మాట ఆయనకూ ముందే చెప్పాను, నవ్వి ఊరుకున్నాడు. మా అమ్మ ముప్పై ఏళ్లకు పైగా మోస్తున్న ఒక ప్రశ్నకు జవాబు తేవడానికి వెళ్లాను. 1990లో ఇరాక్ సైన్యం కువైట్‌ను ఆక్రమించినప్పుడు, అమ్మ పనిచేసే ఇంటి యజమానిని సైనికులు పట్టుకుపోయారు. అది అమ్మ చేసిన పని వల్లే జరిగిందా, కాదా? ఆ ప్రశ్న అదే.

అమ్మ పేరు ఓబులమ్మ. నన్ను మా అవ్వ దగ్గర వదిలేసి కువైట్‌లోని జాబ్రియాలో ఒక ఇంట్లో పనికి చేరింది. ఇంటావిడను మామా అనీ, ఇంటాయనను బాబా అనీ పిలవాలి, అక్కడ పద్ధతి అది. ఆ బాబా కువైట్ సైన్యంలో ఫిరంగి దళం అధికారిగా పనిచేసి, మోకాలు చెడిపోయి రిటైరయ్యాడు. వయసులో ఉండగా ఫ్రాన్స్‌లో ఏడాది శిక్షణ తీసుకున్నాడట. అక్కడ పాత బజారులో నెపోలియన్ కాలంనాటి ఒక ఫిరంగి దళ జనరల్ పటం కొని తెచ్చి, చదువుకునే గదిలో తగిలించుకున్నాడు. ఆ జనరల్ ఉద్యోగ జీవితం మీద పుస్తకం రాస్తున్నాడు. పొద్దున అమ్మ ఆ గదిలో దుమ్ము తుడుస్తుంటే, ముందురోజు రాసిన భాగం సగం అరబీలో సగం హిందీలో చెప్పేవాడట. ఇంట్లో వినేవాళ్లు ఇంకెవరూ లేరు మరి.

ఆ కథ నేను పడుకునేముందు వింటూ పెరిగాను. జనరల్ పేరు అమ్మకు నోరు తిరగదు, ఫిరంగి తాత అనేది. "వాళ్ల నాయన కమ్మరోడు. కొలిమి కాడ పెరిగినోడికి నిప్పంటే బయముంటాదా? పదారేండ్లకే ఫిరంగుల బడిలో చేరినాడు. పెద్దింటోళ్లంతా రాజుకు కాలం చెల్లిందని దేశం ఇడిసి పారిపొయ్యేసరికి ఈయప్పకు దావ దొరికింది. మన గువ్వలచెరువు ఘాటు ఉండ్లా, అట్లాంటి కొండ, దాని నిండా మంచు. చెట్టు మానులు తొలిచి, వాట్లో ఫిరంగులు పడుకోబెట్టి, తాళ్లు కట్టి ఈడ్సుకొని పొయ్యినారు." ఆ కొండకు ముందు ఈజిప్టు ఎడారి, కొండ దాటాక ఇటలీ, ఆ తర్వాత వంద ఫిరంగులు ఒకే వరసలో పేలిన పెద్ద యుద్ధం. ఆ తర్వాత రష్యా మంచు. అక్కడికి వచ్చేసరికి అమ్మ గొంతు తగ్గించేది. "గుర్రాలన్నీ సచ్చిపొయ్యినాయి. ఫిరంగుల్ని మంచులోనే ఇడిసిపెట్టి రావల్సొచ్చింది. ఒక్కోదాని మీద చెయ్యేసి నిమిరి వచ్చినాడంట." కడపటి యుద్ధంలో వానకు చక్రాలు బురదలో దిగబడ్డాయి. చక్రవర్తి ఓడిపోయాడు. కొత్త రాజు వచ్చి ఈయన పదవి పీకి, సగం జీతం మీద ఊరికి పంపాడు. ఊళ్లో పండ్లచెట్లు పెంచుకుంటూ అక్కడే చనిపోయాడు. కథ అంతే. తర్వాత బీఎడ్ చదివేటప్పుడు లైబ్రరీలో నెపోలియన్ మీద పుస్తకాలు తిరగేశాను గానీ, పేరు తెలియని మనిషిని ఎక్కడని వెతుకుతాం?

ఆ ఆగస్టులో ఇరాక్ సైనికులు వీధివీధీ తిరిగి ఇళ్లు సోదా చేశారు. సైన్యంలో పనిచేసినవాళ్ల కోసం వెతికేవాళ్లు. అందుకని జాబ్రియాలో అందరూ యూనిఫారాలు, ఫోటోలు, కాగితాలు మాయం చేస్తున్నారు. మామా చెబితే అమ్మ కూడా బాబా యూనిఫారం ఫోటోలన్నీ దించింది. ఆయన పుస్తకం కాగితాలు వంటింట్లో పొయ్యి మీద పెట్టి కాల్చింది. హాల్లో పెద్ద ఫోటో ఉన్నచోట మాత్రం గోడ మీద నలుచదరంగా తెల్లటి మచ్చ మిగిలింది. పక్కింట్లో ఇట్లాంటి మచ్చే చూసి, ఇక్కడున్న పటం ఏదని అడిగి, సైనికులు బీరువాలు పగలగొట్టిన సంగతి అమ్మకు తెలుసు. రోజూ ఆ గోడ తుడిచే మనిషి కదా, ఊరుకోలేకపోయింది. జానెడు జానెడు కొలిచి చూస్తే ఫిరంగి తాత పటం ఆ మచ్చకు సరిగ్గా సరిపోయింది. తెచ్చి తగిలించింది. ఎప్పుడో చచ్చిపోయిన తెల్లాయన, ఎవరికి ఏం పట్టింది అనుకుంది. తెలివైన పని చేశానని మురిసిపోయింది కూడా.

వారానికి సైనికులు వచ్చారు. వాళ్ల అధికారి చదువుకున్నవాడిలా, మెత్తగా మాట్లాడాడట. హాల్లో పటం ముందు నిలబడి చాలాసేపు చూశాడు. టీ పళ్లెం పట్టుకుని నిలబడిన అమ్మకు ఆయన ఇరాకీ యాసలో ఒక్క మాటే తెలిసింది, మద్ఫా అని. అంటే ఫిరంగి. ఆ మాట ఆమెకు నేర్పింది బాబానే. మిగతా మాటలు తర్వాత మామా నోట తెలిశాయి. ఫిరంగి దళంవాళ్లు తప్ప ఈయన్ను ఎవరూ గోడకు తగిలించుకోరు, ఈ ఇంట్లో ఫిరంగి దళంవాడు ఎవరు అని ఆ అధికారి అడిగాడు. తనూ ఆ దళంవాడే అయ్యుండాలి. బాబా లేచి, నేనే అన్నాడు. పట్టుకుపోయారు. పది రోజుల తర్వాత అమ్మ తోటి పనివాళ్లతో కలిసి బస్సులో బస్రా, బాగ్దాద్ మీదుగా అమ్మాన్ చేరి, అక్కడి నుంచి విమానంలో బొంబాయికి వచ్చింది. బయలుదేరేరోజు మామా గడపలో నిలబడి అన్న మాట ఒక్కటే, నీ వల్లే అని.

అందుకే మా ఇంట్లో గోడలకు ఒక్క పటం ఉండదు. దేవుళ్లు కూడా అలమర్లోనే. మా పెళ్లి ఫోటో తగిలిద్దామని మా ఆయన మేకు కొట్టబోతే అమ్మ సుత్తి లాక్కుంది. ఈ ఏడాది అమ్మకు గుండెలో కవాటం మార్చాలని తిరుపతిలో డాక్టర్లు చెప్పారు. ఆమె సంతకం పెట్టనంది. "ఆ ఇంటికి పొయ్యి అడిగిరా పాపా. నాదే తప్పంటే తప్పనే చెప్పు. తెలుసుకోకుండా బల్ల మీద పండుకోను" అంది. మొండిమనిషి, బతిమాలినా కోప్పడినా వినలేదు. ఇంక నేను పోక చస్తానా?

ప్రయాణం సంగతి చెప్తాను, వెళ్లేవాళ్లకు పనికొస్తుంది. రాయచోటి నుంచి చెన్నైకి రాత్రి బస్సు, అక్కడి నుంచి కువైట్‌కు నేరుగా విమానం, నాలుగున్నర గంటల పైన పడుతుంది. రెండు నెలల ముందు కొంటే టికెట్ రానూపోనూ పాతికవేల పైచిలుకులో దొరికింది. అక్కడి టైము మనకంటే రెండున్నర గంటలు వెనక. ఫహాహీల్‌లో మా ఆయన గదికి చేరిన తర్వాత మొదటి నాలుగు రోజులు ఆ ఇల్లు వెతకడానికే పోయాయి. మా వీధి రెడ్డెమ్మక్క జాబ్రియాలోనే ఒక ఇంట్లో పదిహేనేళ్లుగా పనిచేస్తోంది. అమ్మ చెప్పిన గుర్తులు పట్టుకుని, యుద్ధంలో ఇంటాయన పోయిన ఇల్లు ఏదని నలుగురు పనివాళ్లను అడిగి, ఆమే ఆచూకీ తీసింది. మామా బతికే ఉంది, శుక్రవారం రమ్మంది అని ఫోన్ చేసింది. ఆరోజు రెడ్డెమ్మక్కకు సెలవు. 

శుక్రవారం పొద్దున పదింటికి ఫహాహీల్ బజారు దగ్గర బస్సు ఎక్కాను. టికెట్ మూడు వందల ఫిల్స్ దాకా అయింది, వెయ్యి ఫిల్స్ ఒక దీనారు. కోస్తా రోడ్డు మీద కిటికీ పక్కన కూర్చుంటే ఒకవైపంతా సముద్రమే. చూడదగ్గ దారే, నాకే చూసే మనసు లేదు. మామా ముఖం మీద తలుపేస్తే అమ్మకు ఏమని చెప్పాలి, నిజంగానే తప్పు అమ్మదంటే ఆ మాట ఫోన్లో ఎట్లా చెప్పాలి అని ఇదే గోల. కువైట్ సిటీలోని మిర్కాబ్‌లో దిగేసరికి పదకొండున్నర. అక్కడి సందుల్లో మనవాళ్ల మెస్సులున్నాయి, దీనారున్నరకు పప్పు, వేపుడు, రసంతో భోజనం పెడతారు. శుక్రవారం జనం ఎక్కువ, పన్నెండుకు ముందే వెళ్లండి. రెడ్డెమ్మక్క ఊరికి డబ్బు పంపే పని ముగించుకుని నాకోసం అక్కడే కూర్చుంది. నేను మెతుకులు కెలుకుతుంటే చూసి, "తిను సుజాతా. ఉత్త కడుపుతో పోతే వాళ్లింట్లో కండ్లు తిరిగి పడతావు, నిన్ను మొయ్యడం నాచేత కాదు" అంది.

మూడున్నరకు టాక్సీ మాట్లాడుకున్నాం, జాబ్రియాకు రెండు దీనార్లు. డ్రైవరు జగిత్యాల అబ్బాయి, మా తెలుగు విని అద్దంలోంచి చూశాడు.

"కొత్తగ పనికొచ్చినవా అక్కా?"

"లేదు. మా అమ్మ పనిచేసిన ఇంటికి పోతున్నాం. యుద్ధం అప్పుడు ఇక్కడుండేది."

 అతను రోడ్డు మీంచి చూపు తిప్పకుండానే చెప్పాడు. "మా బాపు గూడ గప్పుడు గీడనే ఉండె. గా ముచ్చట ఎన్నడు చెప్పడు. అడిగితె లేశి బయటికి పోతడు." దిగేటప్పుడు పావు దీనారు వెనక్కి ఇచ్చి, "అమ్మను అడిగిన అని చెప్పు అక్కా" అన్నాడు.

ఇల్లు రెండంతస్తులది, పాతది. చుట్టుపక్కల అన్నీ కొత్తగా కట్టుకున్నారు, ఇదొక్కటే అట్లాగే ఉంది. మామాకు డెబ్బై అయిదు దాటి ఉంటాయి, చేతికర్ర పట్టుకుని తనే తలుపు తీసింది. నన్ను పైనుంచి కిందికి చూసి, ఓబులమ్మ అంది. నా పేరు అడగలేదు. హాల్లోకి తీసుకెళ్లి ఖర్జూరాలు, కాఫీ పెట్టించింది. గోడలన్నీ తెల్లగా సున్నం వేసి ఉన్నాయి, ఎక్కడా పటాల్లేవు. మా ఇల్లే గుర్తొచ్చింది.

తెచ్చుకున్న మాట మింగడం దేనికని నేరుగానే అడిగాను. మా అమ్మ ఆ పటం తగిలించబట్టే బాబాను పట్టుకుపోయారా, నిజం చెప్పండి, నిజమే కావాలి అన్నాను. రెడ్డెమ్మక్క అరబీలో చెప్పింది. మామా కాఫీ గిన్నె కింద పెట్టి చాలాసేపు మాట్లాడింది. మధ్యలో ఒకసారి ఆగింది. ఆమె ఆగినా రెడ్డెమ్మక్క తెలుగులోకి చెప్పలేదు, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఏమంటోంది అక్కా?"

"చెప్తా ఉండు. నాకే నోరు పెగల్లా."

తర్వాత ఒక్కో ముక్కా చెప్పింది. "మీయమ్మ ఆ పటం తగిలించిన సాయంత్రమే బాబా చూసినాడంట. ఆయన గదిలో లేదని ఎతుక్కుంటా హాల్లోకి వచ్చినాడంట. ఈమె బయపడి, తీసేద్దాం, దీంట్లో ఫిరంగి ఉంది, ఎవురన్నా గుర్తుపడతారు అనిందంట. బాబా వద్దన్నాడంట. ఇల్లంతా నేను లేనట్టు చేసినారు, నేను రాసిందంతా కాల్చినారు, ఈయన్నన్నా ఉండనీండి అన్నాడంట. ఓబులమ్మ ఎంత కొలిచి పెట్టిందో చూడు అని నవ్వినాడంట గూడా."

 అయితే ఆయనకు తెలుసు. మామాకూ తెలుసు. వారం రోజులు ఆ పటం కింద నడుస్తూ తిరిగారు.

"మరి ఆ అధికారి అడిగినప్పుడు?" అన్నాను.

"అబద్ధం సిద్ధంగానే ఉండిందంట. తివాచీల యాపారం అని చెప్పాలని ఈమె ఆయప్పకు పదిసార్లు చెప్పించి ఉందంట. చెప్పుంటే ఇడిసేవాళ్లేమో. ఆ పటం ముందర నిలబడి ఆయప్ప అబద్ధం చెప్పలేకపొయ్యినాడు అంటాంది."

బాబా ఎముకలు పద్నాలుగేళ్ల తర్వాత ఇరాక్ ఎడారిలో దొరికాయట, చిన్న పెట్టెలో తెచ్చి ఇచ్చారట. ఆ పెట్టె ఎంత ఉందో మామా రెండు చేతులతో చూపించింది. అప్పటిదాకా ఆమె తలుపు గడియ పెట్టకుండా పడుకునేదట.

నాకు కోపం కూడా వచ్చింది, దాచడం ఎందుకు? ఇంత తెలిసి మా అమ్మను ఆ మాట ఎట్లా అన్నారు అని అడిగాను. రెడ్డెమ్మక్క నా ముఖం చూసి, అడగాల్సిందేనా అన్నట్టు ఆగింది. అడుగు అన్నాను. మామా తల దించుకుని జవాబు చెప్పింది. ఈసారి రెడ్డెమ్మక్క ఎక్కడా ఆగకుండా, మామానే మాట్లాడుతున్నట్టు చెప్పింది. "ఆయన మీద కోపమొచ్చింది. ఒక్క అబద్ధం చెప్పుంటే బతికేవాడు గదా, నాకోసమన్నా చెప్పొచ్చు గదా అని. జైల్లో ఉండే మొగుని మీద, సచ్చినాడో బతికినాడో తెలీనోని మీద కోపం ఎట్ల పెట్టుకుందును? పెట్టుకోలేక మీయమ్మ మీద పెట్టినా. ఆమె ఎదురుగా ఉండింది. పనిమనిషి, తిరిగి ఒక మాట అనదు. యుద్ధం అయిపొయ్యినాక ఆమె ఎవురితోనో జాబు రాయించి పంపించింది, చించేసినా. ఏమని జవాబు రాయాల?"

తర్వాత ఆమె లేచి లోపలికి వెళ్లి, గుడ్డలో చుట్టిన పటం తెచ్చింది. అద్దం లేదు, సైనికులు వెళ్తూ పగలగొట్టారట. నా చిన్నప్పటి ఫిరంగి తాతను మొదటిసారి చూశాను. మా ఊరి పెద్దమనిషిలా పొడుగ్గా, మీసాలతో ఉంటాడని ఊహించుకున్నాను ఇన్నాళ్లూ. పొట్టి మనిషి. తెల్లజుట్టు, అలసిపోయిన కళ్లు, ఒక చెయ్యి ఫిరంగి మీద ఉంది. ఎన్ని యుద్ధాలు చేశాడో, ఎన్ని ఊళ్లు ఆ ఫిరంగులకు కూలాయో అమ్మ కథలో లేదు. బాబా పుస్తకంలో ఉండేదేమో, అది కాలిపోయింది. ఆయన ముఖం చూస్తుంటే నాకు ఏ గొప్పా కనపడలేదు, ఏడుపొచ్చింది.

ఐదింటికి అమ్మకు వీడియో కాల్ చేశాను. అక్కడ ఏడున్నర. రోటిపచ్చడి నూరుతున్న చేతులు చీరకు తుడుచుకుంటూ వచ్చి, తెరలో మామాను చూసి కొంగు తల మీదికి లాక్కుంది. అమ్మ అరబీ మాట్లాడగా నేను ఎన్నడూ వినలేదు. తడుముకుంటూ మామా క్షేమం అడిగింది. మామా రెండు చేతులూ ఎత్తి, సామ్హీనీ, సామ్హీనీ అంది, అంటే నన్ను క్షమించు అని. తర్వాత ఆమె చెప్పిందంతా అమ్మకు ఎవరూ తెలుగులో చెప్పాల్సిన అవసరం లేకపోయింది. మా అమ్మ ముఖం చూస్తూనే ఉన్నాను. బరువు దిగినట్టు ఊపిరి పీలుస్తుందని, ఇంక సంతకం పెడుతుందని కాచుకున్నాను. అమ్మ నావైపు తిరిగింది.

"పాపా, ఆయప్ప చూసినాడంటనా?"

"చూసినాడంట మా."

"చూసి, తీయొద్దన్నాడంటనా? నన్నొక మాటన్నా అనలేదే."

"నువ్వు బాగా కొలిచి పెట్టినావన్నాడంట."

అమ్మ కొంగు తల మీంచి జారినా సర్దుకోలేదు.  "ఇన్నేండ్లూ నేను చేసిన తప్పుకే ఏడ్చినా పాపా. నా బయమే నాది. ఒక్క దినమన్నా ఆయప్ప పొయ్యినాడే అని ఆయప్ప కోసం ఏడ్సలేదు. ఇప్పుడు ఏడుస్తాండా" అని, గట్టిగా, చావింట్లో ఏడ్చినట్టు ఏడ్చింది. మామాకు తెలుగు రాదు. ఆమె నా చేతిలోంచి ఫోన్ తీసుకుని ఒళ్లో పెట్టుకుంది. ముప్పై ఏళ్ల కిందటి చావుకు ఇద్దరూ కలిసి ఇప్పుడు ఏడ్చారు. నేనూ రెడ్డెమ్మక్కా లేచి వంటింట్లోకి వెళ్లిపోయాం.

తిరుగు ప్రయాణంలో మళ్లీ అదే కోస్తా బస్సు. అమ్మ ఆ మరుసటి వారం ఆపరేషన్‌కు సంతకం పెట్టింది, ఇప్పుడు మెల్లగా నడుస్తోంది. అయినా నాకు గెలిచి వచ్చినట్టు లేదు. తప్పు ఎవరిదో తేలితే దుఃఖం తీరుతుందనుకుని వెళ్లాను. తప్పు అమ్మది కాదని తేలాక, ఆ మంచి మనిషి పోయిన దుఃఖం అసలు అప్పుడే మొదలైంది, అమ్మకే కాదు, ఆయన్ను ఒక్కసారీ చూడని నాకూ. క్లాసులో నెపోలియన్ పాఠం ఇదివరకు ఒక పీరియడ్‌లో ముగించేదాన్ని. ఈ ఏడాది రష్యా దగ్గరికి వచ్చేసరికి పుస్తకం మూసి, మిగతాది రేపు చెప్తానని బయటికి వచ్చేశాను.

మీలో ఎవరైనా ఇట్లాంటి పని మీద, అమ్మానాన్నలు పనిచేసిన ఇంటికి వెళ్లాలనుకుంటే ఒక్క సలహా. ఫోన్లో మాటలు మార్చి చెప్పే యాప్‌ను నమ్ముకుని వెళ్లకండి. అరబీ బాగా వచ్చిన మన ఊరి మనిషిని ఎవరినైనా శుక్రవారం సెలవు చూసుకుని వెంట తీసుకెళ్లండి, ఎంత చేదు మాటైనా మార్చకుండా చెప్పమని బయలుదేరకముందే ఒట్టు వేయించుకోండి.